విదేశంలో ఉద్యోగం – స్వదేశంలో ఆదాయపు పన్ను

స్వాతంత్ర్యానంతరం మన దేశంలో నెలకొల్పబడిన ప్రభుత్వ రంగ సంస్థలు తొలి దశాబ్దాలలో స్వదేశ అవసరాలను తీర్చడానికే పరిమితమైనప్పటికీ, కాలక్రమేణ తమ సాంకేతిక నైపుణ్యాన్ని ఎల్లలు దాటించాయి. అఫ్ఘానిస్తాన్‌లోని హెరాత్ రాష్ట్రంలో వాప్కోస్ సంస్థ నిర్మించిన సల్మా ఆనకట్ట 2016 జూన్‌లో ప్రారంభమైనది. బంగ్లాదేశ్‌లోని రాంపాల్ వద్ద ఎన్.టి.పి.సి., ఆ దేశపు విద్యుదభివృద్ధి బోర్డు సమాన భాగస్వాములుగా ఏర్పాటు చేసిన కంపెనీకి బి.హెచ్.ఇ.ఎల్. సంస్థ విద్యుత్కేంద్రాన్ని నిర్మించింది. ఓ.ఎన్.జి.సి. విదేశ్ సంస్థ వియత్నాం మొదలు రష్యాలోని సఖాలిన్ వరకు చమురు, వాయు క్షేత్రాలలో భాగస్వామి అయినది. ఇటువంటి పనుల నిమిత్తం మన తోటి ఉద్యోగులు రెండు మూడేళ్ళపాటు పరదేశంలో గడపడం నేడు సర్వసాధారణం.

మన కుటుంబాల సంగతి సరేసరి. ఉద్యోగుల పిల్లలు ఎందరో అమెరికాలో కంప్యూటరు రంగంలో స్థిరపడినారు. కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుండి, కడప సీమ నుండి, గోదావరి జిల్లాల నుండి గల్ఫ్ దేశాలకు వెళ్ళిన బంధువులు లేని ఇల్లు అరుదు. వీరందరి ప్రయాణ సన్నాహాలలో పాస్‌పోర్టు, వీసా, విమానపు టిక్కెట్టు, ఆవకాయ జాడీ అన్నీ ఉంటాయి. ఆదాయపు పన్ను మాత్రం చాలామందికి జ్ఞాపకం రాదు. 'దేశం దాటిన తరువాత ఇక్కడి పన్నుతో మనకేమి పని?' అని కొందరు, 'ఎక్కడ సంపాదించినా ఇక్కడ కట్టక తప్పదు' అని మరికొందరు అనుకుంటారు. ఈ రెండు అభిప్రాయాలూ సరికావు. పన్ను విషయంలో నిర్ణాయకమైనది జీతం మొత్తం కాదు, ప్రయాణపు తేదీ. ఈ ఒక్క సంగతిని ముందుగా గ్రహించిన కుటుంబం లక్షల రూపాయల నష్టం నుండి తప్పించుకోగలదు.

పౌరసత్వం కాదు, నివాసమే ప్రమాణం

అమెరికా తన పౌరులు ప్రపంచంలో ఎక్కడ నివసించినా వారి ఆదాయాన్ని పన్ను పరిధిలోనికి తెస్తుంది. మన దేశపు పద్ధతి వేరు. ఇక్కడ ప్రధానంగా చూసేది ఆ సంవత్సరం ఆ వ్యక్తి భారతదేశంలో ఎన్ని రోజులు ఉన్నాడన్నదే. ఈ ప్రమాణాన్ని అనుసరించి వ్యక్తులను చట్టం మూడు తరగతులుగా విభజించింది.

మొదటిది సాధారణ నివాసి. ఇతడు ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా ఆ ఆదాయమంతటిపై ఇక్కడ పన్ను చెల్లించవలసిందే. రెండవది ప్రవాసి, అనగా ఎన్.ఆర్.ఐ. ఇతనికి భారతదేశంలో ఆర్జించిన లేక భారతదేశంలో స్వీకరించిన ఆదాయంపైననే పన్ను వర్తిస్తుంది. మూడవది ఈ రెంటికీ నడుమ నున్న 'సాధారణ నివాసి కాని నివాసి'. ఇతని విదేశీ ఆదాయం, అది భారతదేశం నుండి నియంత్రింపబడే వ్యాపారానికి సంబంధించినది కానంతవరకు, ఇక్కడి పన్నుకు లోబడదు.

ఈ హోదా ఒకసారి లభించి జీవితాంతం నిలిచేది కాదు. ఏప్రిల్ 1 నుండి మార్చి 31 వరకు గల ప్రతి ఆర్థిక సంవత్సరానికీ వేరుగా నిర్ణయమవుతుంది. ఒకే వ్యక్తి నిరుడు నివాసి, ఈ ఏడు ప్రవాసి, మరుసటి ఏడు తిరిగి నివాసి కావచ్చును.

ఇక్కడొక మాట. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో ఆదాయపు పన్ను చట్టం, 2025 అనే నూతన శాసనం 2026 ఏప్రిల్ 1 నుండి అమలు లోనికి వచ్చేటట్లు పార్లమెంటు ఆమోదించింది. 2026 మార్చి 31 వరకు ఆర్జించిన ఆదాయానికి పాత చట్టమే వర్తిస్తుంది. కొత్త చట్టంలో 'గత సంవత్సరం', 'మదింపు సంవత్సరం' అనే జంట పదాలకు బదులు 'పన్ను సంవత్సరం' అనే ఒకే పదం వచ్చినది. సెక్షన్ల వరుస మారినది గాని నివాసాన్ని నిర్ణయించే మూలసూత్రాలు మారలేదు. కావున ఈ వ్యాసంలో సెక్షన్ల సంఖ్యలకు బదులు సూత్రాలనే వివరిస్తున్నాము.

వెళ్ళే సంవత్సరం: 182 రోజుల లెక్క

ఒక ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు గాని, అంతకు మించి గాని భారతదేశంలో ఉన్న వ్యక్తి నివాసి అవుతాడు. ఇది కాక రెండవ పరీక్ష కూడ ఉన్నది. ఆ సంవత్సరంలో 60 రోజులు, అంతకు ముందటి నాలుగు సంవత్సరాలలో కలిపి 365 రోజులు ఇక్కడ గడిపినా నివాసియే. అయితే విదేశంలో ఉద్యోగం నిమిత్తం దేశం విడిచి వెళ్ళే భారత పౌరునికి, వెళ్ళిన సంవత్సరం వరకు, ఈ 60 రోజుల నిబంధన వర్తించదు. 182 రోజుల పరీక్ష ఒక్కటే చూస్తారు.

క్యాలెండరు ముందుంచుకొని లెక్కిద్దాము. ఏప్రిల్ 1 నుండి ఇక్కడే ఉండి సెప్టెంబరు 28న విమానమెక్కిన ఉద్యోగి, బయలుదేరిన రోజును కలుపుకొని, 181 రోజులు ఇక్కడ ఉన్నట్లు. మార్చి 31 లోగా మరల రానట్లయితే అతడు ఆ సంవత్సరానికి ప్రవాసి. అదే ఉద్యోగి సెప్టెంబరు 29న బయలుదేరితే 182 రోజులు పూర్తయి నివాసి అవుతాడు. అక్టోబరు నుండి మార్చి వరకు విదేశంలో ఆర్జించిన జీతం సైతం ఇక్కడి పన్ను లెక్కలోనికి వస్తుంది. ఒక్క రోజు తేడా అర్ధ సంవత్సరపు జీతాన్ని అటో ఇటో చేస్తుంది.

బయలుదేరిన రోజు, దిగిన రోజు లెక్కలోనికి వస్తాయా రావా అన్న అంశంపై వివాదాలు గలవు. ఆ రెంటినీ భారతదేశంలో గడిపినట్లుగానే భావించి రెండు మూడు రోజుల వెసులుబాటుతో ప్రయాణం నిర్ణయించుకొనడం క్షేమకరం. సంక్రాంతి సెలవులకో, చెల్లెలి పెళ్ళికో నడుమ వచ్చి వెళ్ళిన రోజులు కూడ మొత్తంలో కలుస్తాయన్నది మరువరాదు.

సంస్థ పంపగా డిప్యుటేషన్‌పై వెళ్ళిన వ్యక్తికి ఈ సౌలభ్యం వర్తిస్తుందా అన్న సందేహం సహజం. బ్రిటిష్ గ్యాస్ ఇండియా సంస్థకు సంబంధించిన వ్యవహారంలో ముందస్తు నిర్ణయాల ప్రాధికార సంస్థ 2006లో ఈ ప్రశ్నను పరిశీలించి, వెళ్ళే వ్యక్తి నిరుద్యోగి కానవసరం లేదని, ఉన్న ఉద్యోగంలోనే విదేశానికి పంపబడినవాడు కూడ దీని పరిధిలోనికి వస్తాడని అభిప్రాయపడింది. పదిహేను రోజుల తనిఖీకో, సమావేశానికో వెళ్ళిరావడం మాత్రం ఉద్యోగ నిమిత్తం దేశం విడిచినట్లు కాదు. కావున డిప్యుటేషన్ ఉత్తర్వులో పదవి, స్థలం, కాలపరిమితి స్పష్టంగా ఉండేటట్లు చూచుకొనవలెను.

తిరిగి వచ్చే సంవత్సరం: అసలు చిక్కు ఇక్కడే

వెళ్ళేటప్పుడు పదిమందిని అడిగి తెలుసుకునే వారు కూడ, తిరిగి వచ్చేటప్పుడు ఇంటిమీద బెంగతో, దొరికిన మొదటి విమానమెక్కుతారు. ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. ఏలయనగా, వెళ్ళేటప్పుడు లభించిన 182 రోజుల సౌలభ్యం శాశ్వతంగా తిరిగి వచ్చేవారికి లేదు. చుట్టపుచూపుగా వచ్చి వెళ్ళే ప్రవాసికి అది ఉన్నది గాని, డిప్యుటేషన్ ముగించుకొని స్వస్థలం చేరేవానికి 60 రోజుల పరీక్ష ఎదురవుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాము. ఒక ఇంజనీరు 2023 జూలైలో ఖతర్ దేశంలోని పనిమీద వెళ్ళి, 2026 జనవరి 10న తిరిగి వచ్చాడనుకుందాము. 2025–26 ఆర్థిక సంవత్సరంలో అతడు జనవరిలో 22, ఫిబ్రవరిలో 28, మార్చిలో 31, వెరసి 81 రోజులు భారతదేశంలో ఉన్నాడు. ఇది 60 రోజులకు మించినది. అంతకు ముందటి నాలుగేళ్ళలో మొదటి రెండేళ్ళు పూర్తిగా ఇక్కడే ఉన్నందున 365 రోజుల షరతు కూడ నెరవేరినది. కనుక అతడు నివాసి. వెనుకటి ఏడు సంవత్సరాలలో 729 రోజులకు మించి ఇక్కడే ఉన్నందున, పది సంవత్సరాలలో తొమ్మిదేళ్ళు ప్రవాసిగా ఉన్నవాడు కూడ కానందున, నడిమి తరగతి రక్షణ కూడ అతనికి లభించదు. అతడు సాధారణ నివాసియే.

ఫలితమేమి? ఏప్రిల్ నుండి డిసెంబరు వరకు ఖతర్‌లో ఆర్జించిన జీతం మొత్తం ఇక్కడి పన్నుకు లోబడుతుంది. ఆ జీతం నెలకు రూ.2 లక్షలకు సమానమనుకుంటే తొమ్మిది నెలలకు రూ.18 లక్షలు. కొత్త పన్ను విధానంలో రూ.75 వేల ప్రామాణిక తగ్గింపు పోగా, వేరే ఆదాయమేదీ లేకపోయినా, సెస్సుతో కలిపి చెల్లించవలసిన పన్ను రూ.1,50,800. ఖతర్‌లో ఉద్యోగుల జీతంపై ఆదాయపు పన్ను లేదు గనుక, అక్కడ కట్టిన పన్నును ఇక్కడ మినహాయించుకునే అవకాశం కూడ లేదు. వచ్చిన జీతం ఇంటి అప్పుకు, పెళ్ళి ఖర్చులకు వినియోగమైన తరువాత ఈ సంగతి తెలిసిన కుటుంబం పడే ఇబ్బంది ఊహించవచ్చును.

అదే ఇంజనీరు, ఆ సంవత్సరంలో సెలవుపై ఇంటికి రాకుండ ఉండి, ఫిబ్రవరి 1న తిరిగి వచ్చినట్లయితే ఇక్కడ గడిపిన రోజులు 59 మాత్రమే. అతడు ఆ సంవత్సరానికి ప్రవాసి. ఖతర్‌లో పనిచేసి అక్కడే స్వీకరించిన జీతంపై ఇక్కడ పన్ను లేదు. మూడు వారాలు ఆగడం వల్ల లక్షన్నర రూపాయలు మిగిలేవి. ఇది పన్ను ఎగవేత కాదు. చట్టం గీసిన గీతను గమనించి నడుచుకొనడం.

తిరుగు ప్రయాణపు తేదీ ఎల్లవేళల ఉద్యోగి చేతిలో ఉండదన్నది నిజమే. అయినను పని అప్పగింతకు, మిగిలిన సెలవు వినియోగానికి కొంత వెసులుబాటు సాధారణంగా ఉంటుంది. తేదీ ఖరారు కాకముందే సిబ్బంది విభాగంతోను, ఆర్థిక విభాగంతోను మాటలాడుట మంచిది. ఉత్తర్వులు జారీ చేసే అధికారులు సైతం జనవరి, ఫిబ్రవరి నెలల ప్రాముఖ్యాన్ని దృష్టిలో ఉంచుకొన్నచో సంస్థకు ఖర్చు లేకుండ ఉద్యోగికి మేలు చేసినవారవుతారు.

రోజుల లెక్క ఎంత ఖచ్చితమైనదో 2020లో యావద్దేశమూ చూసింది. కరోనా కారణంగా విమానాలు నిలిచిపోయి, చూచిపోవడానికి వచ్చిన ప్రవాసులు ఇక్కడే చిక్కుబడినారు. 2020 మార్చి 22 నాటికి ఇక్కడ ఉండి మార్చి 31 లోగా వెళ్ళలేకపోయిన వారి విషయంలో ఆ రోజులను లెక్కలోనికి తీసుకొనరాదని కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు ఆ ఏడాది మే నెలలో ప్రత్యేకంగా సర్క్యులరు జారీ చేయవలసి వచ్చినది.

అధికాదాయ వర్గాల విషయంలో 2020–21 నుండి మరి రెండు నిబంధనలు వచ్చాయి. విదేశీ ఆదాయం కాక, తక్కిన ఆదాయం రూ.15 లక్షలకు మించిన భారత పౌరుడు చూచిపోవడానికి వచ్చినప్పుడు 182 రోజులకు బదులు 120 రోజుల పరిమితిని గమనించవలెను. అదే స్థాయి ఆదాయం కలిగి, నివాసాన్నిబట్టి మరే దేశంలోను పన్నుకు లోబడని పౌరుడు ఒక్క రోజు ఇక్కడ ఉండకపోయినా నివాసిగా పరిగణింపబడతాడు. ఈ నిబంధనల కారణంగా మాత్రమే నివాసులైన వారిది నడిమి తరగతియే గనుక, వారి విదేశీ జీతానికి సామాన్యంగా ముప్పు లేదు.

జీతం ఎక్కడ చేతికందింది?

ప్రవాసి విదేశంలో చేసిన పనికి వచ్చిన జీతం విదేశంలో ఆర్జించినదే. కాని అది తొలుత భారతదేశంలోని బ్యాంకు ఖాతాలో జమ అయినట్లయితే, 'ఇక్కడ స్వీకరించిన ఆదాయం' అన్న కారణంతో పన్ను ప్రశ్న తలెత్తుతుంది. ప్రభుత్వ రంగ సంస్థల డిప్యుటేషన్లలో మూలవేతనం ఇక్కడి ఖాతాలోను, విదేశీ భత్యం అక్కడి కరెన్సీలోను చెల్లించే ఏర్పాటు ఉన్నచోట ఈ అంశాన్ని ప్రత్యేకంగా గమనించవలెను. విదేశీయానం చేసే నౌకలలో పనిచేసే ప్రవాస నావికుల జీతం ఎన్.ఆర్.ఇ. ఖాతాలో జమ అయినంత మాత్రాన పన్ను వేయరాదని 2017 ఏప్రిల్‌లో బోర్డు సర్క్యులరు వెలువరించింది. అది నావికులకు ఉద్దేశింపబడినది. తక్కినవారు దానిని తమకు అన్వయించుకొని ధీమాగా ఉండరాదు.

మరొక అపోహ కూడ తొలగవలసి ఉన్నది. రాయబార కార్యాలయాలలో పనిచేసే ప్రభుత్వోద్యోగుల జీతం విదేశంలో చేసిన సేవకైనా భారతదేశంలో ఆర్జించినట్లే చట్టం భావిస్తుంది. వారికి విదేశంలో ఇచ్చే భత్యాలకు మినహాయింపు నిస్తుంది. ఈ రెండూ 'ప్రభుత్వం' చెల్లించే వాటికి సంబంధించినవి. ప్రభుత్వ రంగ సంస్థ కంపెనీ రూపంలో నున్న ప్రత్యేక న్యాయవ్యక్తి. కావున ప్రభుత్వోద్యోగుల మినహాయింపు మనకూ వర్తిస్తుందని తలచి భత్యాన్ని లెక్కనుండి తప్పించడం తగదు.

స్వదేశంలో మిగిలిన ఆదాయం

మనిషి వెళ్ళినా ఇల్లు, పొలం, డిపాజిట్లు ఇక్కడే ఉంటాయి. వాటి ఆదాయానికి ప్రవాసి కూడ ఇక్కడ లెక్క చెప్పవలసినదే. వ్యవసాయాదాయానికి మాత్రం ఆదాయపు పన్ను లేదు.

విదేశీ మారక చట్టం ప్రకారం ప్రవాసి తన పాత సేవింగ్స్ ఖాతాను ఎన్.ఆర్.ఓ. ఖాతాగా మార్పించుకొనవలెను. దానిపై వచ్చే వడ్డీ నుండి బ్యాంకు 30 శాతం చొప్పున, సెస్సు అదనంగా, పన్ను కోసివేస్తుంది. విదేశీ సంపాదనను జమ చేసే ఎన్.ఆర్.ఇ. ఖాతా వడ్డీకి ఇక్కడ పన్ను లేదు. అమెరికాలో నివాసిగా పన్ను కట్టే మన పిల్లలు మాత్రం ఈ వడ్డీని అక్కడి రిటర్నులో చూపవలసి ఉంటుంది. ఇక్కడ మినహాయింపు ఉన్నంత మాత్రాన అక్కడ ఉన్నట్లు కాదు.

ఇంటి అద్దె విషయంలో చాలా కుటుంబాలకు తెలియని సంగతి ఒకటున్నది. యజమాని ప్రవాసి అయినప్పుడు, అద్దె ఎంత స్వల్పమైనా, అద్దెకున్నవారే 30 శాతం పన్ను, దానిపై 4 శాతం సెస్సు, అనగా 31.2 శాతం మినహాయించి ప్రభుత్వానికి జమ కట్టవలెను. హైదరాబాదులోనో విశాఖపట్నంలోనో ఉన్న ఫ్లాటుకు నెలకు రూ.50 వేల అద్దె వస్తున్నదనుకుందాము. ఏడాదికి రూ.6 లక్షలు. అందులో రూ.1,87,200 పన్నుగా ముందే పోతుంది. నిజంగా చెల్లించవలసినదెంత? మరమ్మతుల నిమిత్తం చట్టమిచ్చే 30 శాతం తగ్గింపు పోగా ఆదాయం రూ.4,20,000. కొత్త విధానంలో 2025–26 సంవత్సరానికి మొదటి రూ.4 లక్షలకు పన్ను లేదు. మిగిలిన రూ.20 వేలపై 5 శాతం, సెస్సుతో కలిపి రూ.1,040. తక్కిన రూ.1,86,160 రిటర్ను దాఖలు చేసినవారికే తిరిగి వస్తుంది. దాఖలు చేయనివారి సొమ్ము ఖజానాలోనే ఉండిపోతుంది. 'మనకు పన్ను లేదు గదా, రిటర్ను ఎందుకు?' అనే ప్రశ్నకు ఇంతకంటె మంచి జవాబు అవసరం లేదు. ఇంత సొమ్ము ముందుగా కోతపడకుండ, తక్కువ రేటుతో మినహాయించడానికి ఆదాయపు పన్ను అధికారి నుండి ధ్రువపత్రం పొందే వీలు కూడ గలదు.

పై లెక్కలో రూ.1,040 ఎందుకు మిగిలిందని అడుగవచ్చును. కొత్త విధానంలో రూ.12 లక్షల వరకు పన్ను లేకుండ చేసే రిబేటు నివాసులకే పరిమితం. ప్రవాసికి అది లేదు. పత్రికలలో ఆ శీర్షికలు చూసి ప్రవాసులైన పిల్లల రిటర్నులను ఉపేక్షించిన తల్లిదండ్రులు ఈ భేదాన్ని గమనించవలెను.

స్థలం అమ్మదలచినచో

విదేశంలో ఉండగా ఊరిలోని ఇంటిస్థలం అమ్మదలచినవారు హోదాను తప్పక ఆలోచించవలెను. 2024 జూలై 23 నుండి దీర్ఘకాలిక మూలధన లాభంపై పన్ను, ధరల సూచీ సర్దుబాటు లేకుండ, 12.5 శాతం. ఆ తేదీకి ముందు కొన్న భూమి, భవనాల విషయంలో సూచీ సర్దుబాటుతో 20 శాతం చొప్పున లెక్క కట్టి, రెంటిలో తక్కువైనదే చెల్లించే వెసులుబాటు నివాసులకు ఉన్నది; ప్రవాసులకు లేదు.

2005–06లో రూ.10 లక్షలకు కొన్న స్థలాన్ని 2025–26లో రూ.50 లక్షలకు అమ్మినట్లయితే ప్రవాసికి రూ.40 లక్షల లాభంపై రూ.5 లక్షల పన్ను. నివాసికి సూచీ 117 నుండి 376కు పెరిగినందున కొన్న ధర సుమారు రూ.32.14 లక్షలుగా పరిగణింపబడి, పన్ను రూ.3.57 లక్షలతో సరిపోతుంది. తేడా దాదాపు రూ.1.43 లక్షలు. ఈ అంకెలలో సెస్సు కలుపలేదు. తొందర లేనివారు తిరిగి వచ్చిన పిదప అమ్మడం లాభమా కాదా అని లెక్క చూసుకొనవచ్చును.

ఇంటికి పంపిన సొమ్ము

నెలనెలా ఇంటికి పంపే డబ్బుపై మరల పన్ను పడుతుందేమోనని కుటుంబ సభ్యులు భయపడుతుంటారు. విదేశంలో స్వీకరించిన జీతాన్ని ఇక్కడికి పంపినంత మాత్రాన అది మరల ఆదాయం కాదు. భార్యకు, తల్లిదండ్రులకు, తోబుట్టువులకు పంపిన సొమ్ము వారి చేతిలోను ఆదాయం కాదు. అయితే భార్యకు ఇచ్చిన సొమ్మును ఆమె డిపాజిట్ చేసినచో దానిపై వచ్చే వడ్డీ భర్త ఆదాయంలో కలుస్తుంది. తల్లిదండ్రులకు ఇచ్చిన దాని విషయంలో ఈ నిబంధన లేదు; ఆ వడ్డీ వారి ఆదాయమే.

రెండు దేశాలూ పన్ను అడిగినప్పుడు

ఒకే ఆదాయంపై రెండు దేశాలు పన్ను విధించే అన్యాయాన్ని నివారించడానికి మన ప్రభుత్వం తొంభైకి పైగా దేశాలతో ఒప్పందాలు చేసుకొన్నది. అమెరికాతో 1989లోను, బంగ్లాదేశ్‌తో 1991లోను కుదిరినవి వీటిలో ముఖ్యమైనవి. నివాసి అయిన సంవత్సరంలో విదేశంలో చెల్లించిన పన్నును ఇక్కడి పన్నులో మినహాయించుకొనవచ్చును. అయితే అక్కడ కట్టినది, ఆ ఆదాయంపై ఇక్కడ పడేది, ఈ రెంటిలో ఏది తక్కువైతే అంతవరకే. పాత నిబంధనల ప్రకారం ఇందుకు ఫారం 67 దాఖలు చేయవలెను.

ఇక్కడ సంవత్సరాల పొంతన ఒక సమస్య. మనది ఏప్రిల్ నుండి మార్చి. అమెరికాది జనవరి నుండి డిసెంబరు. బంగ్లాదేశ్‌ది జూలై నుండి జూన్. అక్కడి వార్షిక పన్ను పత్రం మన సంవత్సరానికి సరిపోలదు. కాబట్టి నెలవారీ జీతపు చీటీలు, పన్ను కోత వివరాలు విడివిడిగా భద్రపరచినవారికే లెక్క తేలికగా కుదురుతుంది. తిరిగి వచ్చిన తరువాత ఆ కాగితాలకై పరదేశపు కార్యాలయానికి ఉత్తరాలు వ్రాయడం ఎంత ప్రయాసయో అనుభవజ్ఞులకు తెలుసు.

వదలివచ్చిన విదేశీ ఖాతా

తిరిగి వచ్చేటప్పుడు ఆఖరి నెల జీతం కోసమో, డిపాజిట్ వాపసు కోసమో అక్కడి బ్యాంకు ఖాతాను అట్లే వదలి వచ్చేవారున్నారు. సాధారణ నివాసి అయిన సంవత్సరం నుండి ఆ ఖాతాను రిటర్నులోని విదేశీ ఆస్తుల పట్టికలో చూపడం తప్పనిసరి. పన్ను కట్టదగిన ఆదాయం లేకపోయినా ఇందుకోసమే రిటర్ను దాఖలు చేయవలసి ఉంటుంది. ఈ పట్టికకు ఆర్థిక సంవత్సరం కాక, డిసెంబరు 31తో ముగిసే క్యాలెండరు సంవత్సరమే ఆధారం.

చూపనివారికి నల్లధన నిరోధక చట్టం, 2015 ప్రకారం రూ.10 లక్షల జరిమానా విధించవచ్చును. స్థిరాస్తులు కాక ఇతర ఆస్తుల మొత్తం విలువ రూ.20 లక్షలకు మించనిచో ఈ జరిమానా వర్తించకుండ 2024 అక్టోబరు 1 నుండి సడలింపు వచ్చింది. జరిమానా లేకపోయినా చూపవలసిన బాధ్యత మాత్రం తొలగిపోలేదు. ఎవరికి తెలుస్తుందిలే అనుకోరాదు. అమెరికాతో 2015లో కుదిరిన ఒప్పందం ద్వారాను, అనేక దేశాల మధ్య అమలులో నున్న సమాచార వినిమయ పద్ధతి ద్వారాను ఖాతాల వివరాలు ఏటా మన ఆదాయపు పన్ను శాఖకు చేరుతున్నాయి. 2024 నవంబరులో ఆ శాఖ అట్టి సమాచారం ఆధారంగా, రిటర్నులు సవరించుకొమ్మని పన్ను చెల్లింపుదారులకు సందేశాలు పంపింది.

రిటర్ను దాఖలు చేసే విధము

ప్రవాసి మొత్తం ఆదాయం కనీస పరిమితిని దాటినచో రిటర్ను తప్పనిసరి. వాపసు రావలసినవారు పరిమితి లోపల ఉన్నా దాఖలు చేయవలెను. జీతం, అద్దె, వడ్డీ, మూలధన లాభం గల ప్రవాసికి తగిన నమూనా ఐ.టి.ఆర్.-2. సులభమైన ఐ.టి.ఆర్.-1 నివాసులకు మాత్రమే. సాధారణంగా గడువు జూలై 31. గడువు మించినచో ఆదాయాన్నిబట్టి రూ.1,000 లేక రూ.5,000 ఆలస్య రుసుము.

దాఖలు చేసిన 30 రోజులలోగా ధ్రువీకరణ పూర్తి చేయకపోతే శ్రమ వృథా. ఆధార్‌తో ముడిపడిన ఇక్కడి ఫోను నంబరు విదేశంలో పనిచేయకపోవడం పలువురికి ఎదురయ్యే ఆటంకం. నెట్ బ్యాంకింగ్ ద్వారా ధ్రువీకరించవచ్చును; లేదా సంతకం చేసిన రసీదును బెంగుళూరులోని కేంద్రీకృత ప్రాసెసింగ్ కేంద్రానికి తపాలా ద్వారా పంపవచ్చును. పాన్, ఆధార్‌ల అనుసంధానం నుండి ప్రవాసులకు మినహాయింపు ఉన్నప్పటికీ, తాము ప్రవాసులమన్న సంగతిని శాఖ రికార్డులలో నమోదు చేయించుకొనకపోతే పాన్ నిరుపయోగమయ్యే ప్రమాదమున్నది.

ఇక ఇంటిలో ఉంచుకొనవలసిన కాగితాలు: పాస్‌పోర్టులో రాకపోకల ముద్రలున్న పుటల నకళ్ళు, విమానపు టిక్కెట్లు, డిప్యుటేషన్ ఉత్తర్వు, నెలవారీ జీతపు చీటీలు, విదేశీ పన్ను రసీదులు, రెండు దేశాల బ్యాంకు పట్టికలు. ఇప్పుడు పలు విమానాశ్రయాలలో ముద్ర వేయకుండానే పంపుతున్నారు గనుక రాకపోకల తేదీలను ఒక పుస్తకంలో స్వయంగా వ్రాసి ఉంచుకొనడం శ్రేయస్కరం. ఈ బాధ్యతను ఇంటివద్ద నున్న ఇల్లాలో, చదువుకొన్న పిల్లలో స్వీకరించినచో మరీ మంచిది. ప్రతి కుటుంబపు పరిస్థితి వేరు గనుక పెద్ద మొత్తాలు ఇమిడి ఉన్నప్పుడు అర్హుడైన చార్టర్డ్ అకౌంటెంటు సలహా పొందవలెను.

పరదేశంలో, ఎడారి ఎండలోనో మంచు గాలిలోనో, అయినవారికి దూరంగా ఉండి సంపాదించిన ప్రతి రూపాయి కష్టార్జితమే. దానిలో ప్రభుత్వానికి చెందవలసిన భాగాన్ని వేళకు చెల్లించడం పౌరధర్మం. చెందనవసరం లేని భాగాన్ని అజ్ఞానం వల్ల పోగొట్టుకొనకుండుట గృహస్థధర్మం. ఈ రెండు ధర్మాలూ నెరవేరడానికి కావలసినది గోడమీది క్యాలెండరు, కాగితాల సంచి, జూలై 31 గుర్తు. విమానపు టిక్కెట్టు కొనేముందు ఒక్క సాయంత్రం కుటుంబమంతా కూర్చుండి రోజులు లెక్కించుకొన్నట్లయితే, ఆ సాయంత్రం వ్యర్థం కాబోదు.